దూరపు వేటకు ఏ తూటా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో ఉంటున్న మన పాఠకులు వేట సీజను దగ్గరపడేసరికి తూటాల గురించి చాలా ప్రశ్నలు పంపారు. వాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఈ సంచికలో తీసుకున్నాం. ముందుగా ఒక వివరణ. ఇక్కడ 'తూటా' అంటే గొట్టంలాంటి ఇత్తడి కేసు, ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ), మందు (గన్‌పౌడర్), బుల్లెట్ నాలుగూ కలిసిన పూర్తి సరుకు. 'బుల్లెట్' అంటే బ్యారెల్ లోంచి బయటికి దూసుకుపోయే ముక్క ఒక్కటే. బరువులు గ్రెయిన్లలో (గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు), వేగాలు సెకనుకు అడుగుల్లో, దూరాలు గజాల్లో ఇస్తున్నాం.

ప్రశ్న: ఈ ఏడాది కొలరాడోలో మ్యూల్ డీర్ (పెద్ద చెవుల జింక) వేటకు మొదటిసారి అనుమతి వచ్చింది. దుకాణంలో .22-250 రెమింగ్టన్ తూటా పెట్టె మీద 3,680 అడుగులని ఉంది. 6.5 క్రీడ్‌మోర్ పెట్టె మీద 2,700 మాత్రమే. మరి దూరపు వేటకు అందరూ క్రీడ్‌మోరే చెబుతారేమిటి? వేగం ఎక్కువున్నదే కదా దూరం పోయేది? (డెన్వర్)

జవాబు: పెట్టె మీద ఉండేది బ్యారెల్ మూతి దగ్గరి వేగం. జింక ఉండేది 400 గజాల అవతల. అక్కడికి చేరేసరికి ఆ వేగంలో ఎంత మిగిలిందో చూడాలి.

మీరన్న రెండు తూటాలనే పక్కపక్కన పెడదాం. .22-250లో 55 గ్రెయిన్ల బుల్లెట్ 3,680తో బయలుదేరి 100 గజాలకు 3,137, 200కు 2,656, 300కు 2,222, 400కు 1,832, 500కు 1,500 దగ్గరికి పడిపోతుంది. క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ల ఈఎల్‌డీ-ఎక్స్ (హార్నడీ కంపెనీ వేట రకం) బుల్లెట్ 2,700తో మొదలై 300 గజాల దగ్గర 2,285, 500 దగ్గర 2,030 నిలుపుకుంటుంది. దాదాపు వెయ్యి అడుగులు ఎక్కువ వేగంతో బయలుదేరిన బుల్లెట్ 300 గజాలకే వెనకబడింది. 500 గజాలు చేరడానికి రెండింటికీ పట్టే సమయం ఇంచుమించు ఒకటే, సుమారు 0.64 సెకను.

కారణం బాలిస్టిక్ కోఎఫిషియంట్, వాడుకలో బీసీ. గాలిని బుల్లెట్ ఎంత తేలిగ్గా చీల్చుకుపోతుందో చెప్పే అంకె అది. అడ్డుకొలతతో పోలిస్తే ఎక్కువ బరువు, సన్నని పొడవాటి ముక్కు, వెనక పడవలా సన్నబడిన తోక ఉన్న బుల్లెట్‌కు బీసీ ఎక్కువ. ఆ 55 గ్రెయిన్ల బుల్లెట్‌ది జీ1 కొలతలో (పాతకాలపు పొట్టి నమూనా బుల్లెట్‌తో పోల్చి కట్టేది) 0.255. 143 గ్రెయిన్లదానిది 0.625. పెట్టెలు పోల్చేటప్పుడు రెండింటి బీసీ ఒకే కొలతలో ఉందో లేదో చూడండి. అదే 143 గ్రెయిన్ల బుల్లెట్ జీ7 కొలతలో (పొడవాటి నమూనా బుల్లెట్‌తో పోల్చి కట్టేది) 0.315 అవుతుంది. జీ1 అంకెను జీ7 అంకెతో పోలిస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

గాలి విషయంలో తేడా ఇంకా పెద్దది. బుల్లెట్ గాల్లో ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి పక్కగాలి దాన్ని తోస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు లెక్క వేరు. గాలి నిరోధమే లేకపోతే ఆ దూరానికి ఎంత సమయం పట్టేదో, నిజంగా ఎంత పట్టిందో, ఆ రెంటి మధ్య ఆలస్యాన్ని గాలి వేగంతో గుణించాలి. గంటకు 10 మైళ్ల గాలి అంటే సెకనుకు 176 అంగుళాలు. 500 గజాల దగ్గర క్రీడ్‌మోర్ బుల్లెట్ ఆలస్యం 0.085 సెకను, అంటే 15 అంగుళాలు పక్కకు పోతుంది. .22-250 బుల్లెట్ ఆలస్యం 0.235 సెకను, అంటే 41 అంగుళాలు. మ్యూల్ డీర్ గుండె, ఊపిరితిత్తులు కలిసిన చోటు తొమ్మిది పది అంగుళాలకు మించదు. గాలిని మీరు మూడో వంతు తప్పు అంచనా వేశారనుకోండి. మొదటిదానితో ఐదు అంగుళాలు తప్పుతారు, రెండోదానితో పద్నాలుగు. ఆ పద్నాలుగు అంగుళాల తప్పు జింక పొట్టలోకి పోతుంది. గాయంతో అది పొదల్లో పడి రాత్రంతా నరకం చూస్తుంది.

1935లో విన్‌చెస్టర్ తెచ్చిన .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్ల బుల్లెట్‌ను 4,110 అడుగుల వేగంతో పంపింది. ప్రెయిరీ డాగ్‌లు, కయోటీల వంటి చిన్న జంతువులకు ఈ జాతి తూటాలు నేటికీ అద్భుతంగా పనిచేస్తాయి. పెద్ద జంతువు వీటి పని కాదు. కొలరాడో చట్టం కూడా అదే చెబుతోంది. అక్కడ జింకకు కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో చిల్లు అడ్డుకొలత), వ్యాకోచించే రకం బుల్లెట్, బరువు 70 గ్రెయిన్లకు తగ్గకుండా (ఎల్క్, మూస్ అనే భారీ జింక జాతులకు 85), 100 గజాల దగ్గర తయారీదారు లెక్క ప్రకారం 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. .22-250 అక్కడ జింకకు చెల్లదు. మీ పనికి 6.5 క్రీడ్‌మోర్ తీసుకోండి. .270 విన్‌చెస్టర్ దొరికినా నిశ్చింతగా తీసుకోవచ్చు. 1925 నుంచి ఉన్న తూటా అది, 130 గ్రెయిన్ల బుల్లెట్‌ను 3,060తో పంపుతుంది, ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతుంది.

ప్రశ్న: ఎల్క్ వేటకు 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్ రైఫిల్ ఉంది. దాన్ని ఉంచుకోవాలా, 7 ఎంఎం పీఆర్‌సీకి మారాలా, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ కొనాలా? దూరం 500 గజాలకు మించదు. (డాలస్)

జవాబు: ఉంచుకోండి. ఆ డబ్బు తూటాలకు, సాధనకు పెట్టండి.

1962 నాటి మీ తూటాలో 162 గ్రెయిన్ల ఈఎల్‌డీ-ఎక్స్ 2,940తో బయలుదేరి 500 గజాల దగ్గర సుమారు 2,230 అడుగులు, 1,790 ఫుట్-పౌండ్లు నిలుపుకుంటుంది. (శక్తి కట్టే పద్ధతి: బరువు గ్రెయిన్లలో, దాన్ని వేగం వర్గంతో గుణించి 4,50,240తో భాగించండి.) ఎల్క్‌కు 1,500, జింకకు 1,000 ఫుట్-పౌండ్లు ఉండాలన్నది వేటగాళ్లలో పాతుకుపోయిన లెక్క. అది ప్రకృతి సూత్రం కాదు, అయినా హద్దు గీసుకోవడానికి పనికొస్తుంది. ఈ లెక్కన పై ప్రశ్నలోని క్రీడ్‌మోర్ ఎల్క్ విషయంలో 400 గజాలలోపే ఆగిపోతుంది. మీది 500 దాటి వస్తుంది.

పీఆర్‌సీ 2022లో వచ్చింది. దాని అసలు గొప్ప వేగంలో లేదు, బ్యారెల్ మెలికలో ఉంది. పాత 7 ఎంఎం మ్యాగ్నమ్ బ్యారెళ్లలో గాడి ఎక్కువగా తొమ్మిదిన్నర అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది, పీఆర్‌సీలో ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు. 175, 180 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్లు నిటారుగా నిలబడాలంటే ఆ ఎనిమిది కావాలి. మెలిక చాలకపోతే బుల్లెట్ గాల్లో తూలుతుంది, కాగితం మీద గుండ్రని చిల్లుకు బదులు తాళంచెవి చిల్లు పడుతుంది. మెలికకు లెక్క బుల్లెట్ పొడవు, బరువు కాదు. రాగి సీసంకంటే తేలిక కాబట్టి అదే బరువున్న పూర్తి రాగి బుల్లెట్ పొడవెక్కువ ఉంటుంది. 160 గ్రెయిన్ల సీసం బుల్లెట్ బాగా నిలిచిన బ్యారెల్‌లో 160 గ్రెయిన్ల రాగి బుల్లెట్ తూలవచ్చు.

మీ బ్యారెల్ మెలిక ఎంతో ఇంట్లోనే కొలవొచ్చు. రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూసుకుని బోల్ట్ (బ్యారెల్ వెనక మూసే కడ్డీ) తీసేయండి. పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతైన గుడ్డ తొడిగి, చాంబర్ (తూటా కూర్చునే గది) దాటించి గాడిలోకి తోయండి. రాడ్ మీద పై వైపున పెన్నుతో ఒక చుక్క, పొడవు కొలవడానికి ఒక టేపు ముక్క పెట్టుకోండి. మెల్లగా తోస్తుంటే రాడ్ తనంతట తిరుగుతుంది. చుక్క మళ్లీ పైకి వచ్చేసరికి టేపు ఎన్ని అంగుళాలు కదిలిందో అదే మీ మెలిక. మూడుసార్లు కొలిచి సగటు తీయండి, గుడ్డ జారితే అంకె తప్పుతుంది.

.300 విన్ మ్యాగ్ ఇంకొంచెం బరువైన దెబ్బ కొడుతుంది, నిజమే. అదే బరువున్న రైఫిల్‌లో క్రీడ్‌మోర్‌తో పోలిస్తే భుజం మీద తన్ను మాత్రం సుమారు రెట్టింపు. తన్నుకు భయపడి ట్రిగర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకునేవారు, భుజం ముందుకు తోసేవారు చాలామంది, తమకు తెలియకుండానే. మీకు ఆ అలవాటు ఉందేమో ఇలా తెలుసుకోవచ్చు. రేంజిలో (కాల్పుల సాధన స్థలంలో) మీ మిత్రుణ్ణి మీకు కనబడకుండా మ్యాగజీన్ నింపమనండి, నిజం తూటాల మధ్య రెండు డమ్మీలు కలపమనండి. డమ్మీ మీద ట్రిగర్ పడినప్పుడు స్కోపులో గీత దిగువకు దూకితే మీ తూటా మీకు ఎక్కువైనట్టే. బ్యారెల్ మూతికి బిగించే మజిల్ బ్రేక్ తన్ను తగ్గిస్తుంది కానీ శబ్దాన్ని పక్కలకూ వెనక్కూ కొడుతుంది. అది బిగించిన రైఫిల్‌తో వేటలోనైనా సరే, చెవులకు రక్షణ లేకుండా ఒక్క గుండు కూడా పేల్చకండి.

ప్రశ్న: పోయిన సీజన్‌లో 60 గజాల దగ్గర జింక దొరికింది. భుజం మీద కొడితే ఆ వైపు మాంసమంతా నెత్తురుగడ్డ, ఎముక ముక్కలే. బుల్లెట్ లోపలికి దిగనేలేదు. నా మిత్రుడి రాగి బుల్లెట్ దూరం నుంచి కొడితే సన్నని చిల్లు చేసుకుని అటునుంచి బయటికి పోయింది. రెండూ ఖరీదైన తూటాలే! (ఆస్టిన్)

జవాబు: రెండు బుల్లెట్లూ తమకు గీసిన వేగం గీత దాటి పనిచేయాల్సి వచ్చింది. మీది పైగీత దాటింది, ఆయనది కిందిగీత.

ప్రతి వేట బుల్లెట్‌కూ అది సరిగా పుట్టగొడుగులా విచ్చుకునే వేగాల శ్రేణి ఒకటుంటుంది. పలుచని రాగి తొడుగు, మెత్తని సీసం ఉన్న బుల్లెట్లు తక్కువ వేగంలోనూ విచ్చుకుంటాయి. అదే బుల్లెట్‌ను మ్యాగ్నమ్ తూటాలో పెట్టి 60 గజాల దగ్గర, ఇంకా 2,900 దాకా వేగం ఉండగా భుజం ఎముక మీద కొడితే పైపైనే చిట్లిపోతుంది. అటువంటి బుల్లెట్‌తో దగ్గర నుంచి కొట్టాల్సివస్తే భుజాన్ని వదిలేసి దాని వెనక పక్కటెముకల మీద పెట్టండి. దగ్గరా దూరమూ రెండూ తగిలే చోట వేటాడేవారికి తొడుగుకు సీసాన్ని అతికించిన బాండెడ్ రకం మేలు. ఎముకను చీల్చుకుని కూడా బరువులో ఎక్కువ భాగం నిలుపుకుంటుంది.

పూర్తి రాగి బుల్లెట్ చిట్లదు. దాని లోటు కింది గీత దగ్గర. చాలా రాగి బుల్లెట్లు తాకే చోట 2,000 అడుగుల చుట్టుపక్కల వేగం కోరుతాయి, సీసం రకాలు చాలావరకు 1,800తో సరిపెట్టుకుంటాయి. కచ్చితమైన అంకె తయారీదారే ప్రచురిస్తాడు. కొనేముందు అది చదవండి. తర్వాత మీ తూటా వేగం పట్టికలో ఆ అంకె ఎన్ని గజాల దగ్గర వస్తుందో చూసి, 50 గజాలు తగ్గించి, అదే మీ హద్దు అనుకోండి. దీన్ని చాలామంది చివర్లో చూస్తారు. నిజానికి ముందు బుల్లెట్‌ను ఎంచుకుని, దాన్ని కావలసిన వేగంతో మోసే తూటాను తర్వాత వెతకాలి.

మాంసం ఇంటికి తెచ్చేవారికి ఇంకో జాగ్రత్త. సీసం బుల్లెట్ ముక్కలు కంటికి కనబడనంత సన్నగా గాయం చుట్టూ దూరం దాకా చెదురుతాయి. గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయండి, కడిగితే పోవు, కడిగే నీళ్లతో ఇంకా పాకుతాయి. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు ఉంటే రాగి బుల్లెట్టే వాడండి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి తుపాకీ వేటకు సీసం బుల్లెట్లు పూర్తిగా నిషిద్ధం.

ప్రశ్న: పెట్టె మీద 2,940 ఉంది. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి చూస్తే 2,815 వస్తోంది. నకిలీ సరుకా? (ఫీనిక్స్)

జవాబు: మీ రైఫిల్ బ్యారెల్ 20 అంగుళాలని రాశారు. పెట్టె మీది అంకె సాధారణంగా 24 అంగుళాల పరీక్ష బ్యారెల్‌ది. మ్యాగ్నమ్ తూటాల్లో మందు ఎక్కువ, అది నిదానంగా కాలుతుంది. బ్యారెల్ ఒక్కో అంగుళం తగ్గితే సుమారు 25 నుంచి 40 అడుగుల వేగం పోతుంది. మీ తేడా సరిగ్గా అక్కడికే వచ్చింది, సరుకులో లోపం లేదు. పది గుళ్ల సగటు తీసి, పెట్టె అంకెను మరిచిపోయి, బుల్లెట్ ఎక్కడ పడుతుందో కట్టే లెక్కల యాప్‌లో మీ అంకే పెట్టండి. మూడు గుళ్లకోసారి బ్యారెల్ చల్లారనివ్వండి. కేసు పెద్దదై చిల్లు చిన్నదైన తూటాల్లో వేడి వాయువు గాడి మొదలునే తినేస్తుంది. క్రీడ్‌మోర్ బ్యారెల్ రెండు మూడు వేల గుళ్లు కాస్తే, 26 నోస్లర్ లాంటివాటికి వెయ్యి లోపే గాడి అరిగిపోవచ్చు.

మీది ఎండ ఊరు కాబట్టి ఇదీ చెప్పాలి. కారు డ్యాష్‌బోర్డు మీద తూటాలు వదలకండి. మందు వేడెక్కితే పీడనం పెరుగుతుంది. బోల్ట్ ఎత్తడం బరువుగా అనిపించినా, ప్రైమర్ అంచులు చదునై కేసుతో కలిసిపోయినట్టు కనిపించినా అక్కడితో ఆపండి.

ప్రశ్న: హ్యూస్టన్ రేంజిలో 200 గజాలకు స్కోప్ జీరో చేసుకున్నాను (గురిపెట్టిన చోటే గుండు తగిలేలా). కొలరాడో కొండల్లో 500 దగ్గర కాగితం మీద కొడితే పైకి పోతోంది. స్కోప్ చెడిందా? (హ్యూస్టన్)

జవాబు: హ్యూస్టన్ సముద్రమట్టానికి దగ్గర. 9,000 అడుగుల ఎత్తున గాలి బాగా పలచబడుతుంది, బుల్లెట్ వేగం తక్కువ పోగొట్టుకుంటుంది. క్రీడ్‌మోర్ తరగతి తూటాలో 500 గజాల దగ్గర అది సుమారు మూడు అంగుళాల ఎత్తు తేడా. 300 దగ్గర గమనించేంత ఉండదు. యాప్‌లో అక్కడి ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం వేయండి. పీడనం విషయంలో వాతావరణ కేంద్రం చెప్పే సముద్రమట్టపు అంకె కాకుండా, ఆ చోట నిజంగా ఉన్న అంకె కావాలి. ఈ ఒక్క పొరపాటే మీ మూడు అంగుళాలను తినేయగలదు.

తేడా అంతకంటే ఎక్కువుంటే స్కోప్ మౌంట్ మరలు చూడండి. కొండ వాలు కూడా లెక్కలోకి వస్తుంది. 30 డిగ్రీల వాలులో రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) 400 గజాలు చూపితే, బుల్లెట్ పడిపోయే లెక్కకు దాన్ని 346గా తీసుకోవాలి. ఎగువకైనా దిగువకైనా ఇదే లెక్క. 500 దగ్గర దూరం 25 గజాలు తప్పుగా కొలిస్తే గుండు నాలుగంగుళాల పైన తప్పుతుంది. జంతువును కొలవలేకపోతే దాని పక్కనున్న బండను కొలవండి, ముందున్న గడ్డిని కాదు.

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాను. తూటాలు కొనొచ్చా? (సియాటిల్)

జవాబు: ఇది తూటా ఎంపికకంటే ముందు తేలాల్సిన విషయం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వలసేతర వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. కొనడం ఒక్కటే కాదు, రేంజిలో మిత్రుడి రైఫిల్ పట్టుకోవడం కూడా అందులోకి వస్తుంది. మినహాయింపుల్లో మనవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఒకటుంది. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండాలి. లైసెన్సు గడువు ముగిసిన రోజు నుంచి ఇంట్లో బీరువాలో ఉన్న రైఫిల్, తూటాల పెట్టె కూడా నేరం కిందికి వస్తాయి. కాబట్టి పాతది ముగియకముందే కొత్తది తీసుకోండి, వేటకు వెళ్లినా వెళ్లకపోయినా. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. వీసా మీద దెబ్బ పడే వ్యవహారం కాబట్టి కొనేముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి.

ప్రశ్న: మా మొక్కజొన్న చేలను అడవిపందులు నాశనం చేస్తున్నాయి. వాటికి ఏ తూటా మంచిది? (ఆదిలాబాద్)

జవాబు: మీ నష్టం మాకు అర్థమవుతుంది. కానీ మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా పంట కోసమైనా పందిని కాల్చకూడదు. పంట నష్టాన్ని ఫొటోలతో నమోదు చేసి అటవీ రేంజ్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. అనుమతి వచ్చాక కాల్చేవారి ఆయుధం, తూటా ఆ ఉత్తర్వులోనే తేలుతాయి.

ప్రశ్న: మొదటి ఎల్క్‌ను కొట్టిన తూటా కేసును, దానితోపాటు ఒక కొత్త తూటాను నాన్నగారికి చూపించడానికి ఊరికి తెస్తున్నాను. పర్వాలేదా? (సాల్ట్ లేక్ సిటీ)

జవాబు: తేవద్దండీ. లైసెన్సు లేకుండా ఒక్క తూటా దగ్గరున్నా మన 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. ఖాళీ కేసు కూడా విమానాశ్రయం స్కానర్‌లో పడితే గంటల తరబడి సంజాయిషీ చెప్పుకోవాలి. వేటకు వాడిన సంచి, జాకెట్ ఊరి ప్రయాణానికి వాడకండి. అడుగున, అస్తరు చిరుగులో ఇరుక్కున్న ఒక్క తూటా చాలు ప్రయాణం ఆగిపోవడానికి. నాన్నగారికి ఎల్క్ ఫొటో తీసుకెళ్లండి.